వేరు దిగిందా, లేదా?

పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

కిందటి సంచికలో అల్సర్ గురించి జవాబు రాస్తూ, "కొన్ని క్యాన్సర్లను పొట్ట కోయకుండా ఎండోస్కోపీతోనే తీసేయవచ్చు" అని ఒక్క వాక్యం రాశాను. ఆ ఒక్క వాక్యం మీదే ఇన్ని ఉత్తరాలు వచ్చాయి. అందుకని ఈ నెల మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి వీటికే జవాబు చెబుతున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారూ, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు, వ్యవసాయం. మా నాన్నగారికి 58 ఏళ్లు. ఆరు నెలలుగా పుల్లటి త్రేన్పులు, అన్నం సహించకపోవడం ఉంటే గుంటూరులో ఎండోస్కోపీ చేయించాం. కడుపు కింది భాగంలో 12 మిల్లీమీటర్ల మచ్చ ఉందన్నారు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ అని, వెల్ డిఫరెన్షియేటెడ్ అని వచ్చింది. హైదరాబాద్‌లో చూపిస్తే ఆపరేషన్ అక్కర్లేదు, ఈఎస్‌డీ అనే పద్ధతిలో ఎండోస్కోపీతో తీసేస్తాం, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి వెళ్లవచ్చు అంటున్నారు. మా బాబాయి మాత్రం క్యాన్సర్‌ని వేరుతో సహా తీయించాలి గానీ పైపైన గీకించి వదిలేస్తే మళ్లీ వస్తుంది, కడుపు తీయించేయండి అంటున్నాడు. నాన్నగారు ఎవరి మాట వినాలో తెలియక అన్నం మానేశారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా మీ నాన్నగారిని అన్నం తినమనండి. ఆయనకు వచ్చిన జబ్బు దొరకవలసిన సమయానికే దొరికింది. ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మన దగ్గర కడుపు క్యాన్సర్‌తో వచ్చేవాళ్లలో ఎక్కువమంది వాంతులు మొదలై, మనిషి సగానికి సగం చిక్కిపోయాక వస్తారు. 12 మిల్లీమీటర్ల మచ్చతో వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మీ బాబాయిగారి మాట తప్పు కాదు. వేరుతో సహా తీయాల్సిందే. కానీ వేరు దిగిందా, లేదా? ముందు తేల్చుకోవలసింది అది. మీరు వ్యవసాయం చేసేవాళ్లు కాబట్టి చెబుతున్నాను. మడిలో తుంగ పడితే పైన ఎంత పీకినా లాభం లేదు, గడ్డ భూమిలో ఉంటుంది. అదే నిన్న మొన్న మొలిచిన కలుపు అయితే రెండు వేళ్లతో మట్టితో సహా లేచి వస్తుంది. దాని కోసం మడి మొత్తం తవ్వుకోం.

కడుపు గోడలో పొరలుంటాయి. అన్నం తగిలే లోపలి పొర మందం సుమారు ఒక మిల్లీమీటరు. దాని కింద దూదిలా మెత్తటి పొర ఒకటి, ఆ కింద కండ, అన్నిటికీ బయట సన్నని తొడుగు. మీ నాన్నగారికి వచ్చిన రకం క్యాన్సర్ లోపలి పొరలో పుడుతుంది. అక్కడ ఉన్నంతకాలం బయటికి వెళ్లే దారులు దానికి పెద్దగా దొరకవు. దూది పొరలోకి దిగితే మాత్రం అక్కడ లింఫు నాళాలు, అంటే ఒంట్లో నీరులాంటి ద్రవాన్ని మోసే సన్నటి గొట్టాలు, దండిగా ఉంటాయి. వాటి వెంట కడుపు బయట ఉన్న లింఫు గ్రంథుల్లోకి పోతుంది. ఎండోస్కోపీతో కడుపు లోపలి నుంచి ఆ గ్రంథులను తీయలేం. కాబట్టి గ్రంథుల్లోకి పాకి ఉండే ప్రమాదం దాదాపు లేదనుకున్న క్యాన్సర్‌నే ఈ పద్ధతిలో తీస్తాం.

ఆ ప్రమాదం లేదని ఎలా తెలుసు? దీనికి జవాబు జపాన్‌వాళ్లు ఇచ్చారు. కడుపు క్యాన్సర్ అక్కడ చాలా ఎక్కువ. 1962లోనే వాళ్లు లోపలి రెండు పొరలు దాటని క్యాన్సర్‌ను 'తొలిదశ' అని విడదీసి పేరు పెట్టుకున్నారు. ఆ దశలోనూ కడుపు కోసి గ్రంథులతో సహా తీసేవారు. అలా ఆపరేషన్ అయిన 5,265 మంది కడుపులనూ గ్రంథులనూ టోక్యోలోని రెండు ఆసుపత్రుల డాక్టర్లు మళ్లీ పరిశీలించి 2000లో లెక్క బయటపెట్టారు. క్యాన్సర్ లోపలి పొరలోనే ఉండి, డిఫరెన్షియేటెడ్ రకమై, 3 సెంటీమీటర్లు మించనివాళ్లు వారిలో 1,230 మంది. ఆ 1,230 మందిలో ఒక్కరికి కూడా గ్రంథుల్లో క్యాన్సర్ లేదు. దూది పొరలోకి దిగినవాళ్లలో మాత్రం నూటికి సుమారు 18 మందికి ఉంది. ఈ రెండు అంకెలూ మీ బాబాయిగారికి చదివి వినిపించండి.

డిఫరెన్షియేటెడ్ అంటే ఆ కణాలు దారి తప్పినా తమ పుట్టుక రూపాన్ని ఇంకా పూర్తిగా మరచిపోలేదని. అలాంటివి నెమ్మదిగా నడుస్తాయి. రూపం పూర్తిగా చెడినవి చడీచప్పుడు లేకుండా పక్కలకు పాకుతాయి, వాటికి హద్దులు కూడా సరిగా కనిపించవు. 2 సెంటీమీటర్ల లోపు, పుండు పడని, లోపలి పొర దాటని, డిఫరెన్షియేటెడ్ క్యాన్సర్ అయితే ఎండోస్కోపీతో తీయడానికి ఎక్కడా అభ్యంతరం లేదు. మీరు రాసిన దాన్నిబట్టి మీ నాన్నగారిది ఈ కోవలోకే వచ్చేలా ఉంది. పుండు ఉందా అన్నది మీరు రాయలేదు, అది అడగండి.

ఎలా తీస్తారో చెబుతాను, భయం పోతుంది. మత్తు ఇచ్చి, నోటిలో నుంచి ఎండోస్కోపు దింపుతారు. మచ్చ అంచుకు కొంచెం ఎడంగా చుట్టూ కరెంటుతో చుక్కలు పెడతారు. తరువాత సన్నటి సూదితో మచ్చ కింద దూది పొరలోకి నీలం రంగు కలిపిన ద్రవం ఎక్కిస్తారు. లోపలి పొర పూరీలా పొంగి కండ నుంచి ఎడం అవుతుంది. అప్పుడు చుక్కల బయటి నుంచి చుట్టూ గాటు పెట్టి, ఆ నీలం పొరలోనే కత్తిని నడుపుతూ, లేత కొబ్బరిని చిప్ప నుంచి ఒలిచినట్టు ఒకే ముక్కగా ఒలుస్తారు. మధ్యలో రక్తనాళాలు ఎదురైతే ముందే మాడ్చి ముందుకు వెళ్తారు. గంట పట్టవచ్చు, మూడు గంటలూ పట్టవచ్చు.

ఇంతకుముందు ఉచ్చు వేసి పట్టి కోసే పద్ధతి ఉండేది, ఇప్పటికీ చిన్నవాటికి వాడతాం. దానితో 2 సెంటీమీటర్లు దాటితే ఒకే ముక్కగా రాదు. 1990ల్లో టోక్యో నేషనల్ క్యాన్సర్ సెంటర్ ఆసుపత్రిలో కత్తి మొనకు చిన్న సెరామిక్ పూస తగిలించారు. పూసకు కరెంటు పారదు కాబట్టి మొన కండలోకి దిగి గోడకు చిల్లు పెట్టే భయం తగ్గింది. ఎంత పెద్ద మచ్చనైనా ఒకే ముక్కగా తీసే దారి దానితో తెరుచుకుంది. 2006లో జపాన్ ప్రభుత్వ ఆరోగ్య బీమా కడుపు ఈఎస్‌డీని తన జాబితాలో చేర్చింది. ఆ ఏడాదే నేను మూడు నెలలు టోక్యోలో ఉండి ఈ పని చూశాను.

ప్రమాదాలు లేవని చెప్పను. నూటికి అయిదుగురికి అటూ ఇటూగా తరువాతి రోజుల్లో రక్తస్రావం కావచ్చు. మలం నల్లగా తారులా వచ్చినా, రక్తపు వాంతి అయినా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి పోవాలి. కడుపు గోడకు చిల్లు పడడం నూటికి కొద్దిమందికే జరుగుతుంది. ఎక్కువసార్లు అప్పటికప్పుడే క్లిప్పులు వేసి మూసేస్తారు. లోపల మిగిలిన పుండు మానడానికి రెండు నెలలు పడుతుంది, అన్నాళ్లూ ఆమ్లం తగ్గించే మాత్ర తప్పక వేసుకోవాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ ఉత్తరంలో కోయడం గురించి అడిగారు, కోశాక ఏం చేస్తారని అడగలేదు. ఎవరూ అడగరు. వేరు దిగిందో లేదో కోయకముందు మేం చెప్పేది అంచనా మాత్రమే. ఖాయంగా చెప్పేది తీసిన ముక్క.

టోక్యోలో నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరచింది కత్తి పనితనం కాదు. ముక్క బయటికి రాగానే రెండు గంటలు కష్టపడిన ఆ పెద్ద డాక్టరు కుర్చీలో కూలబడకుండా, ముక్కను చిన్న పలక మీద పరచి, అంచుల వెంట సన్నటి సూదులు ఒక్కొక్కటే గుచ్చి, ముడత లేకుండా సాగదీసి, ఏ వైపు పైన, ఏ వైపు కింద అన్నది రాసి, అప్పుడు ముక్క చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో ముంచాడు. తరువాత పేథాలజీవాళ్లు, అంటే ముక్కలను మైక్రోస్కోపు కింద పరీక్షించే డాక్టర్లు, దాన్ని రెండేసి మిల్లీమీటర్ల పట్టీలుగా కోసి ప్రతి పట్టీనీ చూశారు. నేను నోట్సులో కత్తి బొమ్మ వేసుకున్నాను, ఈ పలక బొమ్మ వేసుకోలేదు. దాని ఫలితం వేరొకరు అనుభవించారు.

2009లో, నేను అప్పుడు పనిచేసిన ఆసుపత్రిలో, ఒక రైతుకు కడుపులో ఇలాంటి మచ్చే తీశాను. మూడు గంటలు పట్టింది. ఒకే ముక్కగా వచ్చింది. ఆ సంతోషంలో ఇంటివాళ్లతో మాట్లాడడానికి బయటికి వెళ్లాను. ముక్కను పరచాలని ఎవరికీ చెప్పలేదు. దాన్ని అలాగే సీసాలో వేశారు. ఫార్మలిన్‌లో అది ఎండిన తమలపాకులా చుట్టుకుపోయింది. పేథాలజిస్టు ఏ అంచు ఏదో తేల్చలేక, "అంచులు, లోతు చెప్పడం సాధ్యం కాదు" అని నిజాయితీగా రాశారు. క్యాన్సర్ మిగిలిందేమో అన్న అనుమానంతో ఆయనకు సర్జరీ చేయించాల్సి వచ్చింది. తీసిన కడుపులో గానీ, గ్రంథుల్లో గానీ ఒక్క క్యాన్సర్ కణం దొరకలేదు. ఆ మనిషి మూడింట రెండు వంతుల కడుపు పోగొట్టుకుని, ఇవాళ్టికీ రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం తింటాడు. కడుపు నిండా తింటే చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి. నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తరువాత థర్మోకోల్ పలక, తుప్పు పట్టని సూదుల డబ్బా లేకుండా నేను ఈఎస్‌డీ గదిలోకి వెళ్లలేదు.

ఏ ఆసుపత్రికి వెళ్లమంటారని మీరు చివర్లో అడిగారు. పత్రికలో పేరు రాయను. వెళ్లినచోట ఏం అడగాలో చెబుతాను. మీరు స్వయంగా ఇలాంటివి ఎన్ని చేశారు అని అడగండి, తప్పేం లేదు. తీసిన ముక్కను పలక మీద పరచి పంపుతారా, జీర్ణకోశం ముక్కలు చూసే అనుభవం ఉన్న పేథాలజిస్టు ఉన్నారా అని అడగండి. రక్తం వస్తే, చిల్లు పడితే అదే చోట రాత్రిపూట కూడా సర్జన్ ఉంటారా అనీ అడగండి. ఈ ప్రశ్నలకు విసుక్కోని చోటుకు నాన్నగారిని తీసుకువెళ్లండి.

రిపోర్టు వచ్చాక అందులో క్యాన్సర్ లోతు ఎంత, రక్తనాళాల్లోకి లింఫు నాళాల్లోకి దూరిందా, పక్క అంచు, అడుగు అంచు శుభ్రంగా ఉన్నాయా అన్నవి చూడాలి. కడుపులో అయితే దూది పొరలోకి 500 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు దాకా దిగినా, మిగతావన్నీ బాగుంటే సరిపోయిందనే అనుకోవచ్చు. అంతకంటే దిగితే, లేదా నాళాల్లోకి దూరితే, సర్జరీ చేయించుకోమంటారు. అలా అంటే ఈఎస్‌డీ విఫలమైందని గానీ, మిమ్మల్ని మోసం చేశారని గానీ అనుకోవద్దు. అప్పటిదాకా అంచనాగా ఉన్నది అప్పుడు తెలిసింది, అంతే. ఈ మాట ముందే బాబాయిగారితో సహా అందరూ వినేలా చెప్పుకుంటే తరువాత ఇంట్లో గొడవ ఉండదు.

ఇంకొకటి, హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమి ఉందేమో పరీక్ష చేయించండి. కడుపు క్యాన్సర్‌కు ముఖ్యమైన కారణం అదే. ఎండోస్కోపీతో క్యాన్సర్ తీసిన 544 మందిని జపాన్‌లో రెండు సమాన జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆ క్రిమిని చంపే మందులిచ్చి మూడేళ్లు చూశారు. మందులు ఇచ్చినవాళ్లలో 9 మందికి, ఇవ్వనివాళ్లలో 24 మందికి కడుపులో మరోచోట కొత్త క్యాన్సర్ వచ్చింది. ఇంట్లో మీరూ, మీ తోబుట్టువులూ కూడా పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మేడమ్, రాజమండ్రి నుంచి రాస్తున్నాను. మా అమ్మకు 66. కొలనోస్కోపీలో పెద్దపేగు చివర 3 సెంటీమీటర్ల పాలిప్ (లోపలి గోడ మీద మొలిచిన కండ) కనబడింది. ఒకచోట రెండుసార్లు గిల్లి పరీక్ష చేసి క్యాన్సర్ లేదన్నారు. ఇంకోచోట దాన్ని అయిదు ముక్కలుగా తీశారు. ఇప్పుడు రిపోర్టులో క్యాన్సర్ ఉందని, లోతు చెప్పలేమని వచ్చింది. పేగు ఆపరేషన్ చేయించుకోమంటున్నారు. మొదటే ఆపరేషన్ అనేస్తే పోయేది కదా? మేం మోసపోయామా?

జవాబు: మోసం కాదమ్మా. కానీ జరిగిన వరుసలో మెరుగ్గా చేయగలిగినవి ఉన్నాయి.

గిల్లి తీసిన ముక్క పాలిప్ పైభాగం సంగతి మాత్రమే చెబుతుంది. 3 సెంటీమీటర్ల పాలిప్‌లో క్యాన్సర్ ఒక మూల, లోతుగా ఉండవచ్చు. పైగా పదేపదే గిల్లితే కింద మచ్చకట్టి గోడకు అతుక్కుంటుంది. ఆ తరువాత ద్రవం ఎక్కించినా పైకి పొంగదు, ఒకే ముక్కగా రావడం కష్టమవుతుంది. మీ అమ్మగారి విషయంలో అదే జరిగి ఉండవచ్చు. తీయదగిన పాలిప్ అనిపిస్తే గిల్లకుండా, వెలుగు మార్చి, దగ్గరగా పెద్దది చేసి, పైన గీతల అల్లిక చూసి, నేరుగా తీయగలిగినవాళ్ల దగ్గరకు పంపడం మంచిది. చదివే డాక్టర్లకు కూడా ఈ మాట చెబుతున్నాను.

ముక్కలుగా వచ్చినప్పుడు చిక్కేమిటంటే, చింపేసిన ఉత్తరంలా ఉంటుంది. ఏ ముక్క పక్కన ఏది ఉండాలో తెలియదు. పెద్దపేగులో క్యాన్సర్ దూది పొరలోకి 1,000 మైక్రాన్లు, అంటే ఒక మిల్లీమీటరు మించి దిగకుండా, నాళాల్లోకి దూరకుండా, కణాల రూపం మరీ చెడకుండా, అంచున కణాలు విడివిడిగా మొగ్గల్లా పాకకుండా ఉంటే, పాలిప్ తీయడంతోనే సరిపోతుంది. ఈ నాలుగింటిలో ఏది తప్పినా గ్రంథుల్లోకి పాకే ప్రమాదం పెరుగుతుంది. దూది పొరలోకి దిగిన పెద్దపేగు క్యాన్సర్లన్నిటినీ కలిపి చూస్తే నూటికి పదిమందిలో గ్రంథులకు పాకి ఉంటుంది.

సర్జరీకి ఒప్పుకోకముందు ఒక పని చేయండి. పేథాలజీ ల్యాబులో మీ అమ్మగారి ముక్కల మైనపు దిమ్మెలు భద్రంగా ఉంటాయి, వాటిని బ్లాకులు అంటారు. అవీ, గాజు పలకలూ అడిగి తీసుకుని జీర్ణకోశం మీద అనుభవం ఉన్న మరో పేథాలజిస్టుకు చూపించండి. కొన్నిసార్లు ఆ దిమ్మెల నుంచి కొత్తగా మరికొన్ని పలుచని పొరలు కోసి చూస్తే లోతు తెలుస్తుంది. అప్పటికీ తెలియకపోతే, ఆవిడ గుండె, ఊపిరితిత్తులు బాగుంటే నేనైతే ఆపరేషన్ వైపే మొగ్గుతాను. 66 అంత పెద్ద వయసు కాదు, లాపరోస్కోపీతో, అంటే చిన్న రంధ్రాల్లోంచి చేస్తారు. మీకూ, మీ అన్నదమ్ములకూ 40 నిండాయంటే కొలనోస్కోపీ చేయించుకోండి. వాయిదా వేయొద్దు.

ప్రశ్న: నమస్తే అండీ. నేను యోకొహామాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, 41 ఏళ్లు. కంపెనీ ఏటా చేయించే ఆరోగ్య పరీక్షల్లో బేరియం (మందు తాగించి తీసే కడుపు ఎక్స్‌రే) గానీ, కడుపు కెమెరా గానీ ఎంచుకోమంటారు. ఏ బాధా లేనిదానికి ఎందుకని ఏటా వదిలేస్తున్నాను. మన ఊళ్లో అమ్మానాన్నలకు ఇలాంటిదేమీ లేదు కదా. వాళ్లకు అవసరం లేనిది నాకెందుకు?

జవాబు: మీ ప్రశ్న చదవగానే సంతోషం వేసింది, మీరున్న ఊరి పక్కనే కదా ఈ కథంతా మొదలైంది. జపాన్‌వాళ్లు ఎండోస్కోపీని ఇప్పటికీ 'ఇ కమెరా' అంటారు, మీరు వినే ఉంటారు. 'ఇ' అంటే కడుపు. 1950లో టోక్యోలో ఒక యువ సర్జన్, ఒలింపస్ కంపెనీ ఇంజనీర్లు కలిసి నిజంగానే కడుపులోకి దింపే బుల్లి కెమెరా తయారుచేశారు. గొట్టం చివర చిన్న ఫిల్ము, చిన్న బల్బు. డాక్టరుకు లోపల ఏమీ కనిపించేది కాదు. చీకటి గదిలో పొట్ట మీద మెరిసే వెలుగునుబట్టి ఎక్కడుందో ఊహించి ఫొటోలు తీసి, ఫిల్ము కడిగాకే చూసేవారు. ఆ పరంపరలో పెరిగినవాళ్లు కాబట్టే గోరంత ఎరుపు, గోరంత పల్లం కూడా వాళ్ల కంట్లో పడుతుంది.

టోక్యోలో నేనున్నప్పుడు ప్రతి మనిషి చేతా ముందు నురగ, జిగురు తీసేసే మందు తాగించేవారు. ఆ తరువాత కడుపు గోడను నీళ్లతో కడిగి, మూలమూలా చూసి, ఒక్కొక్కరికి నలభైకి పైగా ఫొటోలు తీసేవారు. తొలిదశ క్యాన్సర్ గడ్డలా ఉండదు. కొంచెం రంగు మారిన చోటు, మెరుపు తగ్గిన చోటు, అంతే. హడావిడిగా రెండు నిమిషాల్లో చూసి గొట్టం తీసేస్తే అది దొరకదు.

అందుకని కెమెరానే ఎంచుకోండి, వదిలేయొద్దు. బేరియంలో ఏదైనా తేడా కనబడితే మళ్లీ కెమెరానే పెడతారు. వాంతి భయమైతే ముక్కులోంచి వెళ్లే సన్నటి గొట్టం ఉంటుంది, అడగండి. అక్కడి ప్రభుత్వ మార్గదర్శకాల్లో 2016 నుంచి 50 దాటినవారికి రెండేళ్లకోసారి కెమెరా అని ఉంది. మీ వయసుకు ఏటా అవసరం రాకపోవచ్చు. ఒకసారి చూసి, పైలోరీ పరీక్ష కూడా చేయించుకుంటే ఆ తరువాత ఎన్నాళ్లకు అన్నది అక్కడి డాక్టరే చెబుతారు. మన దేశంలో పుట్టి పెరిగినవాళ్లలో ఆ క్రిమి చాలా మామూలు.

అమ్మానాన్నల సంగతి వేరు. మన దేశంలో కడుపు క్యాన్సర్ అన్నిచోట్లా ఒకేలా లేదు, మిజోరంలో చాలా ఎక్కువ, మన వైపు అంత లేదు. బాధ లేనివాళ్లందరికీ గొట్టం వేయమని నేను చెప్పను. కానీ 50 దాటాక కొత్తగా అజీర్తి మొదలైనా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తం తక్కువగా ఉన్నా, మింగుడు పడకపోయినా, మందుల షాపులో గ్యాస్ మాత్ర కొనుక్కుని నెలల తరబడి వేసుకోవద్దని వాళ్లకు ఫోన్‌లో గట్టిగా చెప్పండి. ఆ మాత్రలకు క్యాన్సర్ పుండు కూడా కొన్నాళ్లు మానినట్టు కనిపిస్తుంది. దొరకవలసిన ఆ కొన్ని నెలలూ అలా పోతాయి. నేను చూసిన ఆలస్యాల్లో సగం అక్కడే జరిగాయి.

ప్రశ్న: మా ఆయనకు 54. గుట్కా, మందు రెండూ ఉండేవి. రెండేళ్ల కింద గొంతు క్యాన్సర్ వచ్చి కరెంటు (రేడియేషన్) పెట్టించినం, తగ్గింది. అన్నీ మానేసిండు. ఇప్పుడు డాక్టరు అన్నవాహికలో అయోడిన్ చల్లి ఎండోస్కోపీ చేయాలంటున్నడు. మంచిగనే తింటున్నడు, ఎందుకు మళ్ల బాధ పెట్టుడు? (కరీంనగర్)

జవాబు: చేయించండమ్మా. మంచిగా తింటున్నప్పుడే చేయించాలి. మింగుడు పడని రోజు వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

పొగాకు, మద్యం గొంతును ముట్టుకుని ఊరుకోవు. అవి దిగిన దారంతా, అంటే నోరు, గొంతు, అన్నవాహిక మొత్తం పాడవుతుంది. ఒకచోట క్యాన్సర్ వచ్చినవాళ్లకు అదే దారిలో ఇంకోచోట రెండోది మొలిచే ప్రమాదం మామూలు మనిషికంటే చాలా ఎక్కువ. అది మొదట్లో మామూలు వెలుగులో సరిగా కనిపించదు. అయోడిన్ చల్లితే ఆరోగ్యంగా ఉన్న పొర ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది, పాడైన చోటు రంగు పట్టక తెల్లగా మిగిలి, రెండు మూడు నిమిషాల్లో గులాబీ రంగుకు వస్తుంది. గోడకు సున్నం వేశాక తడి ఉన్న చోటు తేలినట్టు తేలుతుంది. చల్లినప్పుడు ఛాతీలో మంట ఉంటుంది, దానికి విరుగుడు ద్రవం ఉంది, అది కూడా చల్లమని అడగండి. అయోడిన్ పడదని గానీ, థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని గానీ ఇంతకుముందు ఎవరైనా చెప్పి ఉంటే ముందే చెప్పండి.

అన్నవాహికలో వెసులుబాటు కడుపుకంటే తక్కువ. అక్కడ లింఫు నాళాలు పైపొర దాకా వచ్చి ఉంటాయి. కడుపులో 500 మైక్రాన్ల దాకా ఆగగలం, ఇక్కడ 200 దాటితే భయమే. చుట్టుకొలతలో నాలుగింట మూడు వంతులకు మించి తీస్తే మానేటప్పుడు దారి ఇరుకైపోతుంది, దానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, బెలూన్‌తో వెడల్పు చేయడాలు కావాలి. అదే చిన్నగా ఉండగా దొరికితే ఇవేవీ లేవు. కరెంటు పెట్టించుకున్న మెడకు మళ్లీ పెద్ద సర్జరీ చేయడం ఎంత కష్టమో మీరు ఊహించుకోలేరు. ఈ ఒక్క పరీక్ష ఆయన చేత ఒప్పించండి.

ప్రశ్న: గుండెకు స్టెంటు వేసి రెండేళ్లయింది. రక్తం పలచబడే మాత్రలు రెండు వేసుకుంటున్నాను. పెద్ద పాలిప్ తీయాలన్నారు. వారం ముందు మాత్రలన్నీ ఆపేయనా? (అనంతపురం)

జవాబు: మీ అంతట మీరు ఒక్కటీ ఆపవద్దు. సాధారణంగా క్లోపిడోగ్రెల్ అయిదు నుంచి ఏడు రోజులు ముందు ఆపమంటారు, ఆస్పిరిన్ చాలాసార్లు కొనసాగిస్తారు. కానీ ఆ నిర్ణయం మీ గుండె డాక్టరూ, ఎండోస్కోపీ డాక్టరూ మాట్లాడుకుని తీసుకోవాలి. ఆపిన మాత్ర మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలో కాగితం మీద రాయించుకోండి. ఆపమని చెప్పినవాళ్లు మొదలుపెట్టమని చెప్పడం మరచిపోతే, ఆ మాత్ర లేకుండా నెలలు గడిపినవాళ్లను చూశాను.

ప్రశ్న: అమ్మా, నాకు 71. ఆరేళ్ల కిందట నా కడుపులో క్యాన్సర్ ఇలాగే ఎండోస్కోపీతో తీశారు. అప్పటినుంచి ఏటా గొట్టం వేస్తున్నారు, ఏటా ఏమీ లేదంటున్నారు. మా అబ్బాయి భీమవరం నుంచి హైదరాబాద్ తీసుకువెళ్లడానికి సెలవు పెట్టుకోవాలి, వాడికి ఇబ్బంది. ఆరేళ్లయింది కదా, ఇక చాలించవచ్చా?

జవాబు: అమ్మా, ఆరేళ్లు ఏమీ లేదన్న మాట విన్నారు, నాకూ ఎంతో బాగుంది. ఆపమని మాత్రం చెప్పలేను. మీకు తీసేసిన చోట ఇక భయం లేనట్టే. కానీ మీ కడుపు మిగతాది అలాగే ఉంది, కొత్తది ఇంకోచోట ఎప్పుడైనా మొలవవచ్చు, పదేళ్ల తరువాత కూడా. ఆపరేషన్‌లో కడుపు మొత్తం తీయించుకున్నవాళ్లకు లేని ఈ బాధ్యత, కడుపు నిలబెట్టుకున్నందుకు మీకు మిగిలింది. ఏటా చూస్తూ ఉంటే కొత్తది మొలిచినా మళ్లీ ఇలాగే తీయవచ్చు.

హైదరాబాద్ దాకా వెళ్లనక్కర్లేదు. మీ పాత రిపోర్టు, ముక్క తీసిన చోటు చూపించే ఫొటోలు జిరాక్సు తీయించి, దగ్గర్లో నెమ్మదిగా చూసే డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. ఎక్కడ తీశారో వాళ్లకు తెలియాలి, అది లేకపోతే పాత మచ్చను చూసి కంగారుపడి మళ్లీ ముక్కలు తీస్తారు. పైలోరీ మందు వేసుకున్నారో లేదో, వేసుకున్నాక క్రిమి పోయిందని శ్వాస పరీక్ష చేశారో లేదో ఆ కాగితాల్లో వెతికించండి. మీ ఉత్తరంలో ఆ మాట లేదు. చేయకపోతే ముందు అది చేయించండి. పరీక్షకు రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్ర ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది. మత్తు ఇచ్చి చేయమని అడగండి, ఈ వయసులో ఓర్చుకోవలసిన పని లేదు. మత్తు ఇస్తే మాత్రం ఆ రోజు తోడుగా ఎవరో ఒకరు ఉండాలి, అబ్బాయి కాకపోయినా ఫరవాలేదు.